తెలుగు బడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

మా సంఘానికి వచ్చే ఫోన్లలో భాషను గురించిన ప్రశ్నల కంటే డబ్బును గురించిన ప్రశ్నలే ఎక్కువ. మనం భాషా మైనారిటీలం కదా, మైనారిటీ స్కాలర్‌షిప్ మన పిల్లలకు రాదా? అమెరికాలో ఉన్న మేనల్లుడు బడికి లక్ష రూపాయలు పంపిస్తానంటున్నాడు, సంఘం ఖాతాలో వేయించుకోవచ్చా? నగరి బడికి ప్రపంచ బ్యాంకు డబ్బు వస్తుంటే, కూతవేటు దూరంలో ఉన్న పళ్లిపట్టు బడికి ఎందుకు రాదు? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు, అన్నిటినీ ఒకచోట రాసి పెడితే దాచుకుని చూసుకుంటారని ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. బడికి వచ్చే డబ్బు రెండు రకాలు. గది కట్టడానికి, బల్ల కొనడానికి, భోజనం పెట్టడానికి వచ్చేది ఒకటి. పాఠం చెప్పే అయ్యవారికి నెలనెలా జీతంగా వచ్చేది రెండోది. మొదటి రకం డబ్బుకు పిల్లవాడి మాతృభాషతో పని లేదు. అది దేశాలు దాటి కూడా వస్తుంది. రెండో రకం డబ్బు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం మంజూరు చేసిన పోస్టును బట్టే వస్తుంది. తెలుగు తరగతి నిలబడేదీ, మూతపడేదీ ఆ రెండో రకం డబ్బు మీదే. కింద చెప్పే సంగతులన్నీ ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని చదవండి.

తిరుత్తణి కుర్రాడి చదువుకు ఎవరు పెట్టుబడి పెట్టారు?

పేద దేశాల చదువుకు విదేశీ సాయం అనగానే ఐక్యరాజ్యసమితి, ఆఫ్రికా గుర్తుకొస్తాయి. అంత దూరం పోనక్కర్లేదు. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చదువు చూస్తే చాలు. అప్పుడు తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం నుంచి వచ్చింది. తండ్రి వీరాస్వామి గారు జమీందారీ కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. పిల్లవాడిని పెద్ద చదువులు చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు.

తిరుత్తణిలో తొలి చదువు అయిన తర్వాత 1896లో ఆయన తిరుపతిలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడిలో చేరారు. ఆ మిషన్ జర్మనీది. అక్కడి నుంచి వేలూరులోని వూర్హీస్ కళాశాలకు వెళ్లారు. దాన్ని నడిపినది అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్. కళాశాల పేరు కూడా ఎలిజబెత్ వూర్హీస్ అనే అమెరికా దాతదే. ఆ తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాల. అది స్కాట్లండు మిషనరీలు పెంచిన సంస్థ. అంటే తిరుత్తణి నుంచి చెన్నపట్నం చేరేలోగా ఆ కుర్రాడి చదువు వెనుక జర్మనీ, అమెరికా, స్కాట్లండు దేశాల చందా డబ్బు ఉంది. చదువుకున్నన్నాళ్లూ స్కాలర్‌షిప్పులే ఆధారం. తత్వశాస్త్రం తీసుకోవడానికి కూడా డబ్బే కారణమంటారు: అదే కళాశాలలో చదువు ముగించిన బంధువు ఒకరు తన పాత తత్వశాస్త్ర పుస్తకాలు ఊరికే ఇచ్చేశారు, దానితో పాఠ్యాంశం ఖాయమైపోయింది!

ఆ మిషన్లు ఉచితంగా చదువు చెప్పడంలో వాళ్ల మతప్రచారం వాళ్లకు ఉంది. హిందూ ధర్మాన్ని గురించి అక్కడ వినవచ్చిన విమర్శలే వేదాంతాన్ని లోతుగా చదవడానికి తనను పురికొల్పాయని రాధాకృష్ణన్ గారే చెప్పుకున్నారు. 1908లో ఎం.ఏ. కోసం ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం వేదాంతంలోని నీతిశాస్త్రం మీదే. ఇచ్చేవాడి ఉద్దేశం ఒకటైతే పుచ్చుకున్నవాడికి దక్కిన ఫలం మరొకటి అయింది. విదేశీ సాయం ఎంత నిలకడ లేనిదో కూడా ఆ బడి చరిత్రలోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్ మిషనరీలు ఇక్కడి పని వదులుకోవలసి వచ్చింది. వాళ్ల మిషన్ అమెరికాలోని ఓహియో లూథరన్ల చేతికి పోయింది. యూరపులో తుపాకి పేలితే తిరుపతిలో బడికి యజమాని మారాడు.

అలా చదువుకున్న మనిషే తర్వాత యునెస్కోలో భారతదేశం తరఫున కూర్చున్నారు. 1948-49లో ఆ సంస్థ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షులుగా ఉన్నారు. అదే కాలంలో మన దేశపు విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కూ అధ్యక్షత వహించారు. సాయం పుచ్చుకున్న ఊరి బిడ్డ, ప్రపంచానికి చదువు ఎలా అందించాలో ఆలోచించే కుర్చీలో కూర్చున్నారన్నమాట. ఏటా ఉపాధ్యాయ దినోత్సవం నాడు దండలు వేసే చోట ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

సరిహద్దు మారితే నిధి మారుతుంది

తిరుత్తణి 1911లో చిత్తూరు జిల్లాలో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆంధ్రలోనే ఉంది. పటాస్కర్ తీర్పును అనుసరించి 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి రాగా, తిరుత్తణి తాలూకాలో అధిక భాగం, పళ్లిపట్టు ఉప తాలూకా మద్రాసు రాష్ట్రానికి వచ్చాయి. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల నుంచి సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు పోయాయి. పొలాలు, బంధువులు, పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడే. బడి మాత్రం వేరే ప్రభుత్వం పద్దులోకి మారింది.

దాని ఫలితం తర్వాత తరాలకు గానీ తెలియలేదు. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. గదులు కట్టారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, పిల్లల చేత పనులు చేయిస్తూ పాఠం చెప్పే పద్ధతి తెచ్చారు. తర్వాత అది రాష్ట్రమంతటికీ విస్తరించింది. నగరి, పుత్తూరు వైపు తెలుగు అయ్యవార్లకు ఆ శిక్షణ అందింది. పేరులోనే ఆంధ్రప్రదేశ్ ఉంది కాబట్టి, తిరుత్తణి తెలుగు అయ్యవారికి అందే ప్రసక్తే లేదు.

1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం వచ్చింది. డీపీఈపీ అంటే పాతవాళ్లకు తెలుస్తుంది. తొలి విడతలోనే తమిళనాడు ఉంది. కానీ జిల్లాలను ఎంచడానికి ఆడవాళ్ల అక్షరాస్యత జాతీయ సగటు కంటే తక్కువగా ఉండాలన్నది ఒక కొలత. ధర్మపురి, తిరువణ్ణామలై వంటివి వచ్చాయి. మనం అప్పట్లో ఉన్న చెంగల్పట్టు జిల్లా చెన్నపట్నం పక్కన ఉన్నందువల్ల జాబితాలోకి రాలేదు. పట్నం శివార్ల అక్షరాస్యత, పళ్లిపట్టు కొండల కింద ఊళ్ల అక్షరాస్యత కలిపి సగటు తీస్తే అంతే మరి. తిరువళ్లూరు ప్రత్యేక జిల్లా అయింది 1997లో.

ఇప్పటి మాట: 2021లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ బడుల కోసం 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ‘సాల్ట్’ అని పిలుస్తారు. అంతకు ముందు ఏడాది మంజూరైన ‘స్టార్స్’ పథకంలో ఆరు రాష్ట్రాలు ఉన్నాయి, తమిళనాడు లేదు. కాబట్టి నగరి, పళ్లిపట్టు ప్రశ్నకు జవాబు ఇది: ప్రపంచ బ్యాంకు రాష్ట్రాన్ని చూసి ఇస్తుంది, భాషను చూసి ఇవ్వదు. ఇంకో సంగతి, అది దానం కూడా కాదు. తిరిగి కట్టవలసిన అప్పు.

పైగా పేద దేశాలకిచ్చే సులభ రుణాల విభాగం నుంచి భారతదేశం 2014లోనే బయటికి వచ్చేసింది. మన దేశం ఇప్పుడు ప్రపంచ బ్యాంకు లెక్కలో దిగువ మధ్య ఆదాయ దేశం. బ్రిటన్ తన పాత తరహా ఆర్థిక సాయాన్ని 2015తో ఆపేసింది. అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్ఎయిడ్‌నే 2025లో ఎత్తివేశారు. ప్రపంచంలో ఇంకా 25 కోట్లకు పైగా పిల్లలు బడి బయట ఉన్నారని యునెస్కో చెబుతోంది. మిగిలిన సాయం వాళ్లవైపు పోవడం న్యాయమే. విదేశీ ప్రభుత్వం వచ్చి మన తెలుగు బడిని ఆదుకుంటుందని ఎవరూ ఎదురు చూడవద్దు.

అన్నం పెట్టిన చేతులు

ఒక్క విషయంలో మాత్రం బయటి డబ్బు, లోపలి డబ్బు కలిసి బాగా పనిచేశాయి. మధ్యాహ్న భోజనం. 1920లో చెన్నపట్నం కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి గారు, మన తెలుగువారే, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు భోజనం పెట్టించారు. తలకు రోజుకు ఒక అణాకు మించకూడదన్నది లెక్క. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఖర్చుకు ఒప్పుకోక కొన్నేళ్లలో ఆగిపోయింది. 1956లో కామరాజ్ గారు మళ్లీ మొదలుపెట్టారు. 1960లలో అమెరికా నుంచి కేర్ సంస్థ ద్వారా పాలపొడి, నూనె, ధాన్యం వచ్చాయి. మా వయసు వాళ్లలో ఆ పాలపొడి రుచి ఎరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని పెద్ద పథకం చేశారు. ఆ తర్వాత విదేశీ సరుకు అవసరమే లేకపోయింది.

2022లో ప్రభుత్వ బడుల్లో ఉదయం ఫలహారం మొదలైంది. గ్రామాల్లోని ఎయిడెడ్ బడులకు విస్తరించినది 2024 జూలై 15న, మన తిరువళ్లూరు జిల్లాలోని కీళచ్చేరిలోనే. ఇడ్లీ, పొంగలి పెట్టేటప్పుడు పిల్లవాడిది ఏ మీడియం అని ఎవరూ అడగరు. ఉచిత పాఠ్యపుస్తకాలూ అంతే. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో తెలుగు మీడియం పిల్లలకు తెలుగు పుస్తకాలను రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థే అచ్చువేసి ఇస్తుంది. పుస్తకం రాకపోతే అది మీ హక్కు, అడగండి.

పోస్టు లెక్క

ఇక అసలు సంగతికి వద్దాం. తమిళనాడులో బడుల ఖర్చుకు పెద్ద భాగం రాష్ట్ర ఖజానాదే. కేంద్రం సమగ్ర శిక్ష కింద 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు వేసుకునే నిధి ఒకటి ఉంది. పీఎం శ్రీ ఒప్పందం మీద, త్రిభాషా సూత్రం మీద తగాదా వచ్చి, 2024-25కు రావలసిన 2,152 కోట్ల రూపాయలను కేంద్రం ఆపివేసిందని రాష్ట్రం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ఎవరిది న్యాయం అన్నది ఇక్కడ మన విషయం కాదు. భాష పేరుతో ఇద్దరు పెద్దవాళ్లు పోట్లాడుకుంటే, అందులో మూడో భాష పిల్లల మాట ఇద్దరికీ గుర్తుండదు. మనకు అర్థమైనది అదే.

సమగ్ర శిక్ష నుంచి ప్రతి ప్రభుత్వ బడికి ఏటా ఒక నిర్వహణ గ్రాంటు ఉంటుంది. కేంద్ర నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000, ఆపైన లక్ష. సున్నం, సుద్దముక్కలు, మరుగుదొడ్డి మరమ్మతు దీంతోనే. పాఠశాల నిర్వహణ సంఘంలో తల్లిదండ్రులే ఎక్కువమంది ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అందులో తెలుగు తల్లులు ఉంటే ఆ డబ్బు ఎటు పోయిందో అడగవచ్చు.

ఉపాధ్యాయుడి పోస్టు దగ్గరే చిక్కు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం పెట్టింది. ప్రాథమిక బడి మొత్తంలో ఒక భాష పిల్లలు 40 మంది ఉన్నా, లేక ఒక తరగతిలో 10 మంది ఉన్నా, ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. ఉన్నత పాఠశాల స్థాయిలో అయితే పై నాలుగు తరగతుల్లో 60, తరగతికి 15. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఏ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించమంటుంది. 30వ అధికరణం రెండో భాగం, భాషా మైనారిటీ యాజమాన్యం అన్న కారణంతో గ్రాంటులో వివక్ష చూపరాదంటుంది.

ఇవన్నీ ఉన్నా, ఆచరణలో పోస్టులు లెక్కగట్టేది విద్యాహక్కు చట్టం నిష్పత్తితోనే. ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు. ఒక బడిలో తమిళం చదివేవాళ్లు 45 మంది, తెలుగు చదివేవాళ్లు 15 మంది ఉన్నారనుకోండి. మొత్తం 60, పోస్టులు రెండు. ఐదు తరగతుల తమిళానికి ఒకరు చాలరు. తెలుగు అయ్యవారు బదిలీ అయితే లేదా రిటైర్ అయితే, ఆ ఖాళీలో ఎవరు వస్తారో వేరే చెప్పాలా? 15 మందిని నలభై కాదంటారు, పదీ కాదంటారు, ఎందుకంటే ఏ ఒక్క తరగతిలోనూ పది మంది ఉండరు. తెలుగు విభాగాన్ని మూసేస్తున్నామని ఉత్తర్వు ఏదీ రాదు. అయ్యవారు ఉండరు, అంతే. మరుసటి ఏడాది పిల్లలు తమిళానికో ఇంగ్లీషుకో మారతారు. ఆ పైయేడు ‘పిల్లలు లేరు’ అని ఫైలు మీద రాస్తారు. ఏళ్ల తరబడి ఫైళ్లు కదిపిన మాలాంటి గుమాస్తాలకు ఈ నడక బాగా తెలుసు.

దీనికి తోడు 2006 నాటి తమిళం అభ్యసన చట్టం. 2006-07లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చి, 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీ పిల్లలు కోర్టుల ద్వారా కొన్ని ఏళ్లకు మినహాయింపు పొందారు. 2023 పరీక్షలకు సుప్రీంకోర్టు ఇచ్చింది అలాంటిదే. మేము తమిళం నేర్వద్దనడం లేదు. ఇక్కడ బతికేవాడికి తమిళం అన్నం పెడుతుంది. పాఠం మాత్రం పిల్లవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ప్రపంచ జనాభాలో 40 శాతం మందికి తాము మాట్లాడే లేదా అర్థం చేసుకునే భాషలో చదువు అందుబాటులో లేదని యునెస్కో 2016లో చెప్పింది. 2021లో ప్రపంచ బ్యాంకు కూడా బోధనా భాష మీద ఒక నివేదిక వేసి ఇదే మాట చెప్పింది. అప్పులిచ్చేవాళ్లు కూడా గుర్తించారు, పోస్టులిచ్చేవాళ్లకు ఇంకా చేరలేదు.

సంఘమే కొత్తగా తెలుగు బడి పెట్టి గ్రాంటు తెచ్చుకోవచ్చు కదా అని కొందరు యువకులు ఉత్సాహపడుతుంటారు. 1991-92 విద్యాసంవత్సరం తర్వాత మొదలైన ప్రైవేటు బడులకు తమిళనాడులో ప్రభుత్వ గ్రాంటు లేదు. జీతాలన్నీ సొంతంగా ఇచ్చుకోవలసిందే. అందుకే ఇప్పటికే ఉన్న ఎయిడెడ్, ప్రభుత్వ తెలుగు బడి ఒక్కటి పోయినా మళ్లీ రాదు.

స్కాలర్‌షిప్పులు

కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ స్కాలర్‌షిప్పులు ఆరు మత మైనారిటీలకు మాత్రమే: ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, జైనులు. తెలుగువారు భాషా మైనారిటీ కాబట్టి ఆ లెక్కలోకి రారు. ‘మైనారిటీ సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అని డబ్బు అడిగే దళారులను నమ్మవద్దు. మన పిల్లలకు వర్తించేవి కులం, ఆదాయం ఆధారంగా ఇచ్చే మామూలు స్కాలర్‌షిప్పులే.

ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ బడిలో చదివి కళాశాలకు వెళ్లే అమ్మాయిలకు నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022 సెప్టెంబరు 5న మొదలైంది. అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ 2024 ఆగస్టు 9న. ఎయిడెడ్ బడుల విషయానికి వస్తే, ప్రకటించినప్పుడు పెట్టిన షరతు తమిళ మీడియం. ఎయిడెడ్ బడిలో తెలుగు మీడియంలో చదివిన నేతపనివారి బిడ్డ అంత పేదవాడే అయినా, ఆ మాటల ప్రకారం బయటే ఉంటాడు. డబ్బు చిన్నదే కావచ్చు. కానీ తెలుగు మీడియంలో చేర్చితే నష్టమని తల్లిదండ్రికి అది చెప్పినట్టే. భాషా మైనారిటీ మీడియంలను కూడా కలపాలని అర్జీ పెట్టదగిన అంశాలలో ఇది మొదటిది అని మా అభిప్రాయం.

అమెరికా మేనల్లుడి లక్ష రూపాయలు

ఇది జాగ్రత్తగా చదవండి. మేనల్లుడి చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. ఆయన అమెరికా పౌరుడై ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. తీసుకుంటే జైలు శిక్ష దాకా ఉంది. నమోదుకు సంఘం పుట్టి కనీసం మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో సేవా పనులకు 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఒక సంఘం తీసుకుని మరో సంఘానికి ఇవ్వడానికీ లేదు. చందా పుస్తకం మీద నడిచే మనలాంటి చిన్న సంఘాలకు ఇది మోయలేని బరువు. ఫలానా దాత, ఫలానా పని అని చెప్పి ముందస్తు అనుమతి అడగడం ఒక్కటే కొంత సాధ్యమైన దారి. విదేశీ పౌరుడైన బంధువు ఇంటి ఖర్చుకని పంపినట్టు చూపించి బడికి మళ్లించే పని మాత్రం ఎవరూ చేయవద్దు.

దేశంలోని డబ్బుకు ఇబ్బంది లేదు. 2022 డిసెంబరులో మొదలైన ‘నమ్మ స్కూల్, నమ్మ ఊరు పళ్లి’ పథకంలో పూర్వ విద్యార్థులు, కంపెనీలు ప్రభుత్వ బడిని ఎంచుకుని ఇవ్వవచ్చు. గుమ్మిడిపూండి సిప్‌కాట్‌లోని పెద్ద ఫ్యాక్టరీలు 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి, వాళ్లను అడగడంలో తప్పు లేదు. గది, ప్రహరీ, కంప్యూటరు అడగండి. తెలుగు అయ్యవారికి జీతం మాత్రం వాళ్లు ఇవ్వరు. ఇచ్చినా ఒకటి రెండేళ్లే.

అర్జీతో పాటు ఏం ఉండాలి?

బడిలో మీ పిల్లవాడి వివరాలు ఎమిస్ అనే రాష్ట్ర కంప్యూటరు లెక్కలో ఉంటాయి. మాతృభాష అని ఒక గడి, మీడియం అని ఒక గడి ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చేర్చే రోజు తొందరలో ‘తమిళం’ అని రాయించినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. కేంద్రం దాకా వెళ్లే లెక్క అదే. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 42 లక్షల పైచిలుకు. బడి రిజిస్టరులో ఆ తెలుగు కనిపించకపోతే పోస్టు అడగడానికి ఆధారం ఉండదు. ప్రధానోపాధ్యాయుల వారిని కలిసి ఆ గడి ఏముందో చూపించమనండి, తప్పుంటే రాతపూర్వకంగా దిద్దించండి.

అర్జీ ముందు మండల విద్యాధికారికి, తర్వాత తిరువళ్లూరులోని ముఖ్య విద్యాధికారికి ఇవ్వాలి. సోమవారం కలెక్టరాఫీసులో జరిగే విన్నపాల రోజున ఒక ప్రతి ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. భాషా మైనారిటీల కమిషనరుకూ ఒక ప్రతి పోస్టులో పంపండి. అర్జీ తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఉండటం మంచిది. తరగతివారీగా తెలుగు పిల్లల సంఖ్య, తల్లిదండ్రుల సంతకాలు, ఫోన్ నంబర్లు, ఖాళీ అయిన పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీయో జతచేయాలి. అయ్యవారు రిటైరయ్యే తేదీ ముందుగానే తెలిసే విషయం కాబట్టి, అర్జీని కనీసం ఆరు నెలలు ముందే పెట్టండి. జూన్‌లో బడి తెరిచాక పెడితే, అప్పటికే పక్క బడికి టీసీలు వెళ్లిపోయి ఉంటాయి.